అమ్మవారికిచ్చిన చెయ్యి

పెడన,
3-7-1944

మల్లికి అమ్మ దీవెనలు.

నీ ఒళ్లు ఎలా ఉంది? పోయినసారి నడుం నొప్పి అన్నావు, ఈసారి ఆ మాటే ఎత్తలేదు. తగ్గి ఎత్తలేదో, నేను బెంగపడతానని ఎత్తలేదో తెలియదు. అల్లుడుగారి దగ్గు ఎలా ఉంది? కొట్లో కొత్త బట్టల బేళ్లు విప్పేటప్పుడు ముక్కుకి గుడ్డ కట్టుకోమన్నానని చెప్పు. వద్దులే, నేనన్నానని చెప్పకు, నీ మాటగానే చెప్పు. మీ అత్తగారు శివపార్వతి వదినగారికి మధ్యాహ్నంపూట తలనొప్పి ఇంకా వస్తోందా? బాల ఎలా ఉంది, అన్నం సరిగ్గా తింటోందా? దాని సంగతి చివర అడిగానని చిన్నచూపు అనుకోకు. చివర అడిగినదానికి నువ్వు మొదట జవాబు రాస్తావని నాకు తెలుసు.

ఇక్కడ నేను బాగానే ఉన్నాను. మీ అన్నయ్య సాంబమూర్తికి నూలు దొరక్క మగ్గం సగం రోజులు ఊరికే ఉంటోంది. కంట్రోలు కొట్టు దగ్గర నిలబడి నిలబడి కాళ్లు వాచాయి. కోడలు కులాసా. గేదె ఈనింది, దూడ మాత్రం నీరసంగా ఉంది, రాత్రిళ్లు లేచి చూసి వస్తున్నాను.

నీ ఉత్తరం అందినప్పటినుంచీ నాకు మనసు మనసులో లేదు. పెళ్లికి పంచెలు కొనడానికి వచ్చిన పెద్దమనిషికి బాల ఎడమచేత్తో పంచెల చాపు అందించిందనీ, పొద్దున్నే ఇదేం బోణీ అంటూ ఆయన ఎదురు కొట్టుకి వెళ్లిపోయాడనీ రాశావు. ఏడేళ్ల పిల్ల, సాయం చేద్దామని ఉబలాటపడి ఉంటుంది. ఆ రోజునుంచీ వదినగారు దాని ఎడమవాటం మాన్పించాలని పట్టుబట్టారనీ, వాకిట్లో ముగ్గు వెయ్యనివ్వడం లేదనీ, దసరాలోగా చెయ్యి మారకపోతే కొట్టు గడప తొక్కనివ్వను, బడి కూడా మానిపిస్తానన్నారనీ రాశావు. ఆవిడ మాట తప్పని నేననను. కొట్టుమీద బతికేవాళ్లకి బోణీ ముఖ్యం. కానీ బడి మానిపిస్తే పిల్ల ఏమైపోతుంది. నాలాగా మూడో క్లాసుతో ఆగిపోయి, ఉత్తరంలో ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ కూచోవాలా.

మీ నాన్నగారిది కూడా ఎడమవాటమేనని నీకు తెలుసు. నాడె ఎడమచేత్తో విసిరేవారు. మగ్గం కూడా దానికి తగ్గట్టే అమర్చుకున్నారు. చీరె చూసి ఏ చెయ్యి నేసిందో చెప్పగలిగినవాణ్ణి నేనింతవరకూ చూడలేదు. కానీ ఈ సంగతి వదినగారి చెవిన పడనివ్వకు. మన వైపునుంచి వచ్చిన వాటం అని తెలిస్తే పిల్లమీది కోపం నీమీదికి తిరుగుతుంది. ఈ ఉత్తరం చదివి పొయ్యిలో పెట్టెయ్యి.

మన చౌడేశ్వరమ్మకి మొక్కుకున్నాను. కాలు బాగుపడాలని వెండి కాలు, కన్ను బాగుపడాలని వెండి కన్ను ఇస్తాం కదా, అలాగే బాల చెయ్యి దారికి రావాలని వెండి చెయ్యి ఇస్తానని. మొక్కుకుని ఇంటికొచ్చాక అనుమానం పట్టుకుంది. ఏ చెయ్యి ఇవ్వాలి? ఎక్కువ పని చేసేది ఎడమది, చెయ్యనిది కుడిది. జబ్బు దేనిదంటావు? సాంబమూర్తిని అడిగితే నవ్వుతాడు. పూజారిని అడగడానికి సిగ్గుగా ఉంది. నువ్వు చదువుకున్నదానివి, వెంటనే రాయి.

అమ్మ,
చౌడమ్మ

తా.క. దూడకి జున్నుపాలు పట్టాము. ఇప్పుడు నిలబడింది.


బెజవాడ,
11-7-1944

అమ్మా,

బాల అన్నం తింటోంది. చూశావా, మొదటే రాశాను. నా నడుం నొప్పి తగ్గింది. ఆయన దగ్గు ఉంది, ముక్కుకి గుడ్డ కట్టుకోమంటే కొట్లో దొంగలా ఉంటానంటున్నారు.

నువ్వు పొయ్యిలో పెట్టమన్న ఉత్తరం పొయ్యిదాకా వెళ్లలేదు. నేను నీళ్ల దగ్గర ఉన్నాను, టపా ఆయన చేతికి వచ్చింది. నీకు ఎప్పుడూ చెప్పలేదుగానీ, నీ ఉత్తరాలు తన చేతికి వస్తే అత్తగారికి పైకి చదివి వినిపించడం ఆయనకి మామూలే. నాన్నగారి నాడె సంగతి దగ్గరికి వచ్చాకగానీ ఏం చదువుతున్నారో ఆయనకి తెలియలేదట. అత్తగారు "అయితే ఇది పుట్టింటి సొత్తన్నమాట" అని మాత్రం అని, మడిబట్ట తీసుకుని లోపలికి వెళ్లారు. నన్ను ఏమీ అనలేదు. నువ్వు బెంగపెట్టుకోకు.

ఆవిడకి బాలంటే ప్రాణమే అమ్మా. మధ్యాహ్నం తలనొప్పి వస్తే శొంఠిగంధం బాలే రాయాలి, ఇంకెవరు రాసినా తగ్గదంటారు. ఇప్పుడు కుడిచేత్తో రాయిస్తున్నారు. తలనొప్పి తగ్గడం లేదు, పట్టూ వదలడం లేదు.

ఏ చెయ్యి అని అడిగావు. అల్లరంతా ఎడమదే కదా, ఎడమదే చేయించు. దీనికి ఇంత ఆలోచన దేనికి.

నీ మల్లి


పెడన,
29-7-1944

మల్లికి అమ్మ దీవెనలు. శివపార్వతి వదినగారికి నమస్కారాలు. అల్లుడుగారు చదువుతున్నట్టయితే ఆయనకి ఆశీస్సులు.

ఇంట్లో అందరం కులాసా. మీరంతా కులాసా అని తలుస్తాను. వదినగారూ, నా ఉత్తరంలో ఏదైనా అనరాని మాట ఉంటే మన్నించాలి. నాకు రాయడం సరిగ్గా రాదు, అనుకున్నది ఒకటి, కాగితం మీద పడేది ఒకటి. మా పిల్లని మీరు కన్నబిడ్డలా చూసుకుంటున్నారు, బాలని నాకంటే మీరే ఎక్కువ పెంచారు.

మల్లీ, మొక్కు తీరింది. కంసాలి బసవయ్య దగ్గరికి వెళ్లాను. కాళ్లకి పెట్టుకునే పాత మట్టెలు కరగబోయమన్నాను. "నొప్పి ఏ చేతికమ్మా" అన్నాడు. నొప్పి కాదయ్యా, వాటం అన్నాను. వాటానికి చెయ్యి ఇచ్చినవాళ్లని చూడలేదే అన్నాడు. వాడి దగ్గర చేతుల అచ్చు ఒక్కటే ఉంది. ఎడమది కావాలని రెండుసార్లు చెప్పాను. అలాగేలెమ్మన్నాడు. కాగితంలో చుట్టి ఇచ్చిన రేకు విప్పితే దృష్టి తగులుతుందేమోనని, గుళ్లోనే విప్పి పసుపు పూశాను.

అది ఇంటికి తెచ్చిన రోజున సాంబమూర్తి ఒక మాటన్నాడు. పని చేసే చెయ్యి అమ్మవారికిచ్చేసి, పని చెయ్యని చెయ్యి మనవరాలికి ఉంచుతావా అమ్మా అని. వాడు నవ్వులాటకే అన్నాడు. ఎప్పుడూ అంతే, నోట్లో మాట ఆగదు. అది విన్నప్పటినుంచీ నాకు ఒకటే బెంగ. అమ్మవారు మాటని మాటలాగే తీసుకుంటే? ఎడమది ఇచ్చాను కదా అని ఎడమదే తీసుకుంటే? కానీ మొక్కిన మొక్కు ఆపితే అంతకంటే తప్పు. నిన్న శ్రావణ శుక్రవారం, దణ్ణం పెట్టుకుని హుండీలో వేశాను. వేసేటప్పుడు, తల్లీ, చెయ్యి దారికి తే, అంతకుమించి ఏమీ చెయ్యకు అని గట్టిగానే చెప్పాను. పక్కనున్నవాళ్లు చూశారు.

బాల చెయ్యి ఎలా ఉందో వెంటనే రాయి. ఉత్తరం ఆలస్యమైతే నేను తట్టుకోలేను.

అమ్మ


బెజవాడ,
6-8-1944

అమ్మా,

ఆలస్యమైంది, ఏమీ అనుకోకు. ఇంట్లో పని తెమలడం లేదు. ఆయన దగ్గు పూర్తిగా తగ్గింది. వానలకి కాలవ నిండుగా పారుతోంది, మా వీధి చివర బురదలో బండ్లు దిగబడుతున్నాయి.

బాల ఆడుకుంటూ జారి పడింది. చేతికి కాస్త దెబ్బ తగిలింది. కట్లు కట్టే అబ్రహాము వచ్చి వెదురుబద్దలు పెట్టి కట్టు కట్టాడు. ఆయన చేతివాసి మంచిదని గవర్నరుపేటనుంచి కూడా పిలిపించుకుంటారు. పిల్లలకి ఎముక తొందరగా అతుక్కుంటుందన్నాడు. నువ్వు దీని గురించి బెంగపెట్టుకోవలసింది ఏమీ లేదు.

అన్నయ్యకి నూలు దొరికిందా? దూడ ఎలా ఉంది?

నీ మల్లి


పెడన,
9-8-1944

మల్లీ,

ఏ చెయ్యి? నువ్వు రాయలేదు. రాయలేదంటేనే తెలిసిపోయింది. ఎడమదే.

నేనే ఇచ్చేశాను ఆ చెయ్యి. పట్టుకెళ్లి పసుపు పూసి మరీ ఇచ్చేశాను. కార్డు అందిన పూటే గుడికి వెళ్లి, నా రేకు నాకు ఇచ్చెయ్యమని పూజారిని అడిగాను. హుండీలో పడ్డది తిరిగి రాదమ్మా, అది అమ్మవారిదైపోయింది అన్నాడు. ఆ మాటకి అక్కడే కూలబడ్డాను. కోడలు వచ్చి తీసుకెళ్లింది. ఎముక విరిగిందా, బెణికిందా? కాస్త దెబ్బకి వెదురుబద్దలు పెడతారా ఎవరైనా? పిల్ల రాత్రిళ్లు ఏడుస్తోందా? వేళ్లు కదులుతున్నాయా, చల్లబడ్డాయా? కట్టు బిగువైతే వేళ్లు నల్లబడతాయి, రోజూ చూడు.

వదినగారు దాన్ని చూసుకుంటున్నారు కదా, ఆవిడకి నా మాటగా చెప్పు, ఆ చెయ్యి మళ్లీ ఆడేలా చూడమని. ఎడమవాటమైతే ఏం, అది ఎడమచేత్తోనే రాసుకోనీ, ఎడమచేత్తోనే ముగ్గు పెట్టనీ. దారికి రావాలని అడిగినది నేను. ఇప్పుడు ఆ దారే నాకు వద్దు.

నేను ఇంకో మొక్కు మొక్కుకున్నాను, రేపటినుంచి మొదలు. అదేమిటో ఇప్పుడు రాయను, మొక్కు చెప్పుకుంటే చెల్లదంటారు. నువ్వు తిడతావు కూడా.

దూడ బాగుంది. నూలు దొరకలేదు.

అమ్మ


బెజవాడ,
14-8-1944

అమ్మా,

ఎడమ చెయ్యే. మోచేతికి కిందుగా ఎముక విరిగింది. వేళ్లు వెచ్చగానే ఉన్నాయి, కదులుతున్నాయి, నల్లబడలేదు. రోజూ చూస్తున్నాను, నేను మర్చిపోతే అత్తగారు చూస్తున్నారు. వచ్చే నెల మొదట్లో కట్టు విప్పుతాడట అబ్రహాము.

నువ్వు ఒకటి ఆలోచించు. నువ్వు హుండీలో వేసింది శుక్రవారం. బాల పడింది అంతకు ముందు బుధవారం. నువ్వు ఇవ్వకముందే పడింది. నీ వెండి చేతికీ దీనికీ సంబంధం లేదు. ఇక హాయిగా ఉండు. కొత్త మొక్కులేవీ పెట్టుకోకు.

బాల కుడిచేత్తో పలకమీద రాస్తోంది. రాయక తప్పడం లేదు కదా. అక్షరాలు వంకరటింకరగా, చినుకులకి కొట్టుకుపోయిన చీమలబారులా ఉన్నాయి. మాటలు మాత్రం బాగా తగ్గించేసింది.

నీ మల్లి


పెడన,
21-8-1944

మల్లీ

బుధవారం అన్నావు. రేకు బుధవారమే ఇంటికి తెచ్చాను. ఇచ్చేశానని మనసులో అనుకున్నది ఆ రోజే. అమ్మవారికి మనసు తెలియదా.

ఎక్కువ రాయలేను. చెయ్యి సహకరించడం లేదు. ఈ కాస్తా రాయడానికి పొద్దుటినుంచీ పట్టింది.

బాల చెయ్యి ఎలా ఉంది

అమ్మ


బెజవాడ,
24-8-1944

అమ్మా,

నీ ఉత్తరం అందింది. అది నీ రాత కాదు. గుండ్రంగా ఉండే నీ అక్షరాలన్నీ పక్కకి ఒరిగిపోయాయి, తలకట్లు ఎటో ఎగిరిపోయాయి, వరసలు కిందికి జారిపోయాయి. చెయ్యి సహకరించడం లేదన్నావు. అమ్మా, నీకు పక్షవాతం వచ్చిందా? నోరు వంకర పోలేదు కదా? అన్నయ్య ఎందుకు రాయలేదు? ఆయన తంతి ఇద్దామన్నారు. నువ్వు తంతివాణ్ణి గుమ్మంలో చూస్తేనే పడిపోతావని నేనే వద్దన్నాను. ఈ ఉత్తరానికి వెంటనే జవాబు రాకపోతే ఆయన బండెక్కి వచ్చేస్తారు.

నీ ఉత్తరం నా చేతిలోనుంచి జారితే బాల తీసి చూసింది. చూసి, చాలా రోజులకి నవ్వింది. తనూ రాస్తానని నా కాగితం లాక్కుంది. దాని వరస ఇదిగో:

*అమ్మమ్మా నీ రాత నా రాత లాగే ఉంది. నీకు కూడా చెయ్యి కట్టేశారా.*

అది ఒక్కొక్క అక్షరం రాస్తూ పైకి చదువుకుంది. అత్తగారు పక్కనే కూర్చుని ఉన్నారు. ఆ రెండో మాట వినగానే లేచి దొడ్లోకి వెళ్లిపోయారు.

ఇక దాచి లాభం లేదు. నేను నీకు మొదటే చెప్పి ఉంటే నువ్వు ఇంత బెంగపడి ఇక్కడిదాకా తెచ్చుకునేదానివి కాదు. బాల ఆడుకుంటూ పడలేదు. దాని ఎడమచెయ్యి పలక దగ్గరికీ ముగ్గు చిప్ప దగ్గరికీ ఊరికే వెళ్లిపోతోందని, ఆ వారం అత్తగారు పాత చీరె అంచు పేలికతో ఆ చేతిని నడుముకి కట్టేశారు. పొద్దున్న కడితే రాత్రి పడుకునేముందు విప్పేవారు. నేను వద్దని ఒకసారి అన్నాను, రెండోసారి అనలేదు. బుధవారం వానలో కొట్టు మెట్లు దిగుతూ జారింది. పట్టుకోవడానికి ఆ చెయ్యి లేదు. దానిమీదే పడింది.

అమ్మవారు కాదమ్మా. నీ రేకూ కాదు. ఒక గుడ్డపేలిక.

అత్తగారు ఆ పూటనుంచీ రాత్రి అన్నం మానేశారు. పిల్ల మంచం పక్కనే కింద పడుకుంటున్నారు. ఈ సంగతి నీకు రాయవద్దని ఆవిడ నాకు చెప్పలేదు. నేనే రాయలేకపోయాను.

నువ్వు ఎలా ఉన్నావో రాయి. రాయలేకపోతే అన్నయ్య చేత రాయించు.

మల్లి


పెడన,
28-8-1944

మల్లికి అమ్మ దీవెనలు.

నా రాత చూశావుగా, ఇది కుడిచెయ్యి. నాకు పక్షవాతం రాలేదు. నోరు ఎక్కడిది అక్కడే ఉంది, సాంబమూర్తిని అడిగితే ఉండవలసినదానికంటే బాగా ఆడుతోందంటాడు. అల్లుడుగారిని రావద్దని చెప్పు, కొట్టు మూసి రావద్దు. నేను చేసిన పనికి మీ అందరినీ హడలగొట్టాను.

నేను మొక్కుకున్నది ఇది. బాల కట్టు విప్పేదాకా నేను కూడా కుడిచేత్తో ఏ పనీ చెయ్యనని. అది రాని చేత్తో ఎంత పాటు పడుతోందో అంతా నేనూ పడతాను, దాన్ని వదిలెయ్యి తల్లీ అని. అన్నం మాత్రం కుడిచేత్తోనే తిన్నాను, అంతవరకు అమ్మవారు ఒప్పుకుంటుందనుకున్నాను. నిన్ను కంగారుపెట్టకుండా ఉండడానికి ఈ ఒక్క ఉత్తరానికి మొక్కు సడలించుకుంటున్నానని, గుళ్లో చెప్పుకుని వచ్చి రాస్తున్నాను.

మల్లీ, అది ఎంత కష్టమో నాకు ఇన్నాళ్లూ తెలియదు. వత్తి చేద్దామంటే మెలి తిరగదు. పాలు దించబోయి ఒలకబోశాను. తలుపు గొళ్లెం ముందు నిలబడి, ఇది ఎటు తియ్యాలో తెలియక వెర్రిదానిలా చూశాను. నా ఇంట్లో, నేను కాపరానికి వచ్చిన ఇంట్లో. మనది కాని చేత్తో పని చేస్తుంటే ఎవరింట్లోనో చుట్టపుచూపుగా ఉన్నట్టుంటుంది. ఏది ముట్టుకున్నా ఎవరైనా ఏమైనా అంటారేమోనని ఉంటుంది. సాంబమూర్తి మొదట్లో నవ్వాడు. తరవాత నవ్వడం మానేసి, గొళ్లెం వాడే తీసిపెట్టడం మొదలుపెట్టాడు. ఆ పసిదానికి రోజంతా ఇలాగే ఉండి ఉంటుంది, దానికి గొళ్లెం తీసిపెట్టినవాళ్లు లేరు.

మీ నాన్నగారు నాడె విసురుతుంటే నేను ఎదురుగా కూచుని కండెలు చుట్టేదాన్ని. ఆ చెయ్యి అంత తేలిగ్గా ఎలా పోయేదో ఇప్పుడు తలుచుకుంటున్నాను. ఆయన్ని ఎవరూ ఎప్పుడూ కట్టెయ్యలేదు.

బాల నాకు చెయ్యి కట్టేశారా అని అడిగింది. ఎవరూ కట్టెయ్యలేదు, అమ్మమ్మ తనంతట తనే కట్టేసుకుంది, నీకు తోడుగా ఉండాలని, అని చెప్పు. దాని రాత కత్తిరించి దేవుడి పటం వెనక పెట్టుకున్నాను.

వదినగారి సంగతి చదివి ముందు కోపం వచ్చింది. లేదనను. కాగితం మడిచి అటు పెట్టి గేదెకి కుడితి పెట్టి వచ్చి మళ్లీ చదివాను. ఆవిడ కట్టింది పేలిక, నేను ఇచ్చింది రేకు. ఇద్దరం ఆ చేతిమీదే కూచున్నాం మల్లీ, దాని మంచికేనని. ఆవిడ రాత్రి అన్నం మానేశారంటే నాకు భయంగా ఉంది. ఈ వయసులో ఖాళీ కడుపుతో కింద చాపమీద పడుకుంటే వాతం చేస్తుంది. పగలు తలనొప్పి, రాత్రి ఉపవాసం, మనిషి ఏమవుతుంది? మజ్జిగన్నమైనా పెట్టు. వద్దంటే నేను దణ్ణం పెట్టి చెప్పానని చెప్పు. ఈ ఉత్తరం అల్లుడుగారు పైకి చదివి వినిపించినా ఫరవాలేదు. ఈసారి పొయ్యిలో పెట్టమని అడగను.

అమ్మ


బెజవాడ,
8-9-1944

అమ్మా,

బుధవారం పొద్దున్న అబ్రహాము వచ్చి కట్టు విప్పాడు. చెయ్యి సన్నబడింది, తోలు పాలిపోయింది. మిగతా అంతా సరిగ్గా ఉంది. గుప్పిట మూయమన్నాడు, మూసింది. తియ్యమన్నాడు, తీసింది. బరువులు ఎత్తనివ్వకండి, తక్కిన పనులు ఏ చేత్తో అలవాటైతే ఆ చేత్తో చెయ్యనివ్వండి అన్నాడు. అప్పుడు అందరం అత్తగారి వైపు చూశాం. ఆవిడ ఎవరివైపూ చూడలేదు.

నీ ఉత్తరం ఆయన పైకి చదివారు. మొదటినుంచి చివరిదాకా, ఒక్క ముక్క వదలకుండా. నేను గుమ్మం అవతల నిలబడ్డాను. అయ్యాక అత్తగారు "మీ అమ్మ నాకు మజ్జిగన్నం పెట్టమందా" అన్నారు. అవునన్నాను. "పెట్టు మరి" అన్నారు. ఆ రాత్రి తిన్నారు.

కట్టు విప్పిన మధ్యాహ్నం ఆవిడకి తలనొప్పి వచ్చింది. నిజంగానే వచ్చిందో, రప్పించుకున్నారో నేను చెప్పలేను. చాపమీద పడుకుని బాలని పిలిచారు. బాల శొంఠిగంధం గిన్నె తీసుకుని వచ్చి, అలవాటు చేసుకున్న కుడిచేత్తో ముంచబోయింది. ఆవిడ కళ్లు మూసుకునే "అది కాదే, నీ చెయ్యి ఇలా ఇయ్యి" అన్నారు. బాలకి అర్థం కాక నావైపు చూసింది. ఆవిడ తడుముకుని దాని ఎడమచెయ్యి పట్టుకుని తన నుదుటిమీద పెట్టుకున్నారు. అది వేళ్లు బిరుసుగా ఉన్నా మెల్లగా రాసింది. కాసేపటికి ఆవిడ కళ్లలోనుంచి నీళ్లు చెవులమీదికి కారాయి. గంధం ఘాటు అన్నారు. నేను గిన్నె కాస్త దూరంగా జరిపాను.

తెల్లవారి లేచేసరికి ముగ్గు చిప్ప మెట్టుమీద పెట్టి ఉంది. ఎవరు పెట్టారో ఎవరూ అడగలేదు. బాల పద్మం వేసింది. ఒక రేక వంకర పోయింది. ఎదురు కొట్టాయన చూసి, చాలా రోజులైందమ్మా ఈ వాకిట్లో ఇలాంటి ముగ్గు చూసి అన్నాడు. బోణీ కూడా పొద్దున్నే అయింది. అయ్యిందని అత్తగారే వచ్చి నాకు చెప్పి వెళ్లారు.

నిన్ను చూడాలని ఉందంటున్నారు. తనే పెడన వద్దామంటే మోకాళ్లు రైలెక్కనివ్వవు, మీ అమ్మనే రమ్మనమని రాయి అన్నారు. ఎప్పుడు వస్తావు?

నీ మల్లి


పెడన,
13-9-1944

మల్లికి అమ్మ దీవెనలు. వదినగారికి నమస్కారాలు. బాలకి ముద్దులు, దాని ఎడమచేతికి వేరే ఇంకొకటి.

నీ ఉత్తరం అందగానే కుడిచేత్తో దీపం వెలిగించి మొక్కు దించుకున్నాను. ఇన్నాళ్లకి నా చెయ్యి నాకు వచ్చింది కదా అని సంతోషపడ్డాను. కానీ మర్నాడు గొళ్లెం తియ్యబోతే ముందు ఎడమచెయ్యే వెళ్లింది. ఇది ఇలాగే ఉండిపోతే ఎలా అని ఒక బెంగ. సాంబమూర్తి, నీకు ఎప్పుడూ ఏదో ఒకటి కావాలి, దీన్ని ఉంచుకో అన్నాడు. వాడికి ఈ వారం నూలు దొరికింది. మగ్గం చప్పుడు వింటూ రాస్తున్నాను.

ఒక సంగతి చెప్పాలి. బాల చెయ్యి బాగుపడితే జోడు పూర్తి చేస్తానని, కుడిచెయ్యి కూడా ఇస్తానని మనసులో అనుకున్నాను. నా చెవి కమ్మల్లో ఒకటి ఎప్పుడో పోయింది, మిగిలిన వెండి కమ్మ ఇచ్చి బసవయ్య చేత రేకు కొట్టించాను. ఈసారి కుడిది కావాలని రెండుసార్లు చెప్పాను. అలాగేలెమ్మన్నాడు. ఇంటికి తెచ్చి, దృష్టి తగిలితే తగిలిందని, వెలుతురులో పెట్టుకుని విప్పి చూశాను. చేసింది కుడిచెయ్యే, బొటనవేలు సరైన వైపే ఉంది. కాగితంలోంచి తీస్తుంటే జారి చాపమీద పడి బోర్లా తిరిగింది. తీద్దామని వంగి చూస్తే అది ఎడమచెయ్యి.

మల్లీ, నేను చాపమీదే కూచుని దాన్ని ఇటు తిప్పి, అటు తిప్పి చాలాసేపు చూశాను. పలచని రేకు. ఇటు గుంటపడ్డచోట అటు ఉబ్బుతుంది. ఇటునుంచి చూస్తే కుడి, అటునుంచి చూస్తే ఎడమ. నేను ఎడమది ఎడమది అని నెత్తీనోరూ కొట్టుకుని హుండీలో వేసినది లోపల ఎలా పడిందో, అమ్మవారు ఏ వైపునుంచి చూసిందో ఎవరికి తెలుసు. ఆవిడకి రెండూ ఒకటే అయి ఉంటుంది. ఎడమా కుడీ అన్న గొడవంతా నాదీ, వదినగారిదీను. ఒక్కదాన్నే నవ్వాను. కోడలు వంటింట్లోంచి వచ్చి, ఒంట్లో బాగుందా అత్తా అని అడిగింది.

ఈ రేకు హుండీలో వెయ్యను. తప్పయితే అమ్మవారు నన్నే అడుగుతుంది, పిల్లని కాదు, ఆ సంగతి కూడా గట్టిగానే చెప్పుకున్నాను. బెజవాడ తెస్తాను. మీ గుమ్మానికి దారంతో వేలాడదీద్దాం. వదినగారు కొట్టువైపు కూచుంటారు, నేను వాకిటివైపు కూచుంటాను. ఆవిడకి కుడిచెయ్యి కనిపిస్తుంది, నాకు ఎడమచెయ్యి కనిపిస్తుంది. మధ్యలో బాల తిరుగుతూ ఉంటుంది.

ఆదివారం అమావాస్య, సోమవారం పాడ్యమి, మంగళవారం ప్రయాణానికి మంచిది కాదు. బుధవారం తదియ నాడు పొద్దుటి బండికి సాంబమూర్తి నన్ను ఎక్కిస్తాడు. స్టేషనుకి అల్లుడుగారు రానక్కర్లేదు, దగ్గు తిరగబెడుతుంది. వస్తే మాత్రం గుడ్డ కట్టుకుని రమ్మను. ఆ పొద్దున్న ముగ్గు నేను వచ్చేదాకా ఎవరినీ తొక్కనివ్వకు.

20వ తేదీ, బుధవారం.

అమ్మ,
చౌడమ్మ